ఇంటిలోని యుప్పెన

బందరు వారికిని, దివిసీమ వారికిని ఉప్పెన యన నేమో చెప్పనక్కరలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము బందరు పట్టణముమీదికి వచ్చి, పరిసర గ్రామములతో గూడ సుమారు 30,000 మందిని పొట్టబెట్టుకొనెను. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమలో మరల అదియే జరిగెను. సుమారు 10,000 మంది మరణించిరి. నాగాయలంక, కోడూరు ప్రాంతములలో ఆ దినమును దలచి కంటతడి పెట్టు వృద్ధులు నేటికిని ఉన్నారు. తరువాత 1990 మే నెలలో అట్టి తుపానే కృష్ణా ముఖద్వారము దాపున తీరము దాటెను. అప్పుడు మృతుల సంఖ్య వేయికి లోపుగనే నిలిచెను. సముద్రపు స్వభావమేమియు మాఱలేదు. అయితే వార్త ముందుగా అందెను. లక్షకు పైబడిన జనము మెఱక ప్రదేశములకు తరలింపబడిరి. నేడు మచిలీపట్నమున వాతావరణశాఖవారి రాడారు మేఘముల కదలికను కనిపెట్టుచున్నది. ముందు తెలిసినచో ప్రాణము దక్కునని డెల్టా ప్రజలు ఇంత మూల్యము చెల్లించి నేర్చుకొనిరి.

మన యిండ్లలోనే మఱియొక యుప్పెన కలదు. ముప్పదియైదేండ్ల గృహస్థు రాత్రి భోజనముచేసి నిద్రించును, తెల్లవారి లేవడు. పదునాఱేండ్ల బాలుడు బడి యావరణలో పరుగెత్తుచు పడిపోవును; ముఖమున నీళ్లు చల్లుటకు చెంబు తెచ్చులోపల ప్రాణము పోవును. ఊరివారు పరామర్శకు వత్తురు. "పుణ్యాత్ముడు, అనాయాసముగా పోయినాడు" అని యొకరు, "దిష్టి తగిలినది" అని యొకరు, "ఆయుర్దాయమంతే" అని వేఱొకరు అందురు. పెద్దకర్మ ముగియును. అరుగుమీద కూర్చున్న ముదుసలి యొక్కతె మాత్రము, "వీని చినతాతయు నిట్లే పొలముగట్టున పడిపోయినాడు" అని మెల్లగా అనును. ఆ మాటను ఎవరును చెవిని బెట్టరు. ఈ వ్యాసము ఆ ముదుసలి మాటను గూర్చియే.

అనాయాసమరణము ఎనుబదియేండ్లు బ్రదికి, మనుమల నెత్తుకొన్న వానికి వరము. ముప్పదియేండ్ల వానికి అది వరమనుట భార్యాబిడ్డల యెదుట ఆడవలసిన మాట కాదు. అంతకంటె పెద్ద కీడు మఱియొకటి కలదు. పోయిన వానికి తమ్ముడుండును, చెల్లెలుండును, బడికిపోవు కుమారుడుండును. వాని గుండెలో నున్న లోపమే వీరి గుండెలలోను ఉండవచ్చును. అనాయాసమరణమని మనము సమాధానపడిన దినముననే వీరికి రావలసిన హెచ్చరికను మనచేతులతోనే ఆపివేసినవారమగుచున్నాము.

విషయము తెలియుటకు గుండె పనిని గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. కాలువక్రింద సేద్యము చేయు మన రైతులకు దానిని బోధపఱచుట సులభము. కాలువకు రెండువిధముల ఆపద రావచ్చును. పూడిక పేరుకొని నీటి పాఱుదల ఆగిపోవుట యొకటి. లాకుల తలుపులు వేళతప్పి, వరుసతప్పి, ఇష్టము వచ్చినట్లు ఎత్తుటయు దించుటయు జరుగుట రెండవది. గుండెకు రక్తమును తెచ్చు నాళములలో క్రొవ్వు పేరుకొని దారి మూసికొనిపోవుటను గుండెపోటందుము. ఇది మొదటి విధము. గుండె కండరమును వరుసగా ముడుచుకొనజేయు విద్యుత్ప్రేరణ అదుపు తప్పి, గుండె కొట్టుకొనక వణకుచు నిలిచిపోవుటను హృదయస్తంభనమందుము. ఇది రెండవ విధము. రక్తము మెదడునకు చేరక మనిషి కొన్ని క్షణములలో స్పృహ తప్పును. గుండెపోటు హృదయస్తంభనమునకు దారితీయవచ్చును. గుండెపోటు లేకయే హృదయస్తంభనము రావచ్చును. నలుబదియేండ్లు దాటినవారి ఆకస్మిక మరణములలో పెక్కింటికి నాళముల పూడిక కారణము. ముప్పదియైదేండ్ల లోపువారిలో తల్లిదండ్రులనుండి సంక్రమించిన లోపములకు ప్రాధాన్యము హెచ్చు.

ఈ వంశాగత లోపములలో మూడింటిని గృహస్థులు తెలిసికొనవలయును.

మొదటిది కండరమునకు సంబంధించినది. గుండెగోడ అకారణముగా దళసరియగుటను హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి యందురు. 1958లో లండను వైద్యుడు డొనాల్డ్ టీర్, ఆకస్మికముగా మరణించిన యువకుల గుండెలను పరీక్షించి దీనిని స్పష్టముగా వర్ణించెను. జనులలో సుమారు 500 మందికొకరికి ఇది యుండునని వైద్యుల అంచనా. తల్లికిగాని తండ్రికిగాని ఈ లోపమున్నచో, ఒక్కొక్క బిడ్డకు అది వచ్చుటకు సగము పాలు అవకాశము కలదు. ఆడ మగ భేదము లేదు.

రెండవది విద్యుత్తునకు సంబంధించినది. లాంగ్ క్యూ.టి. యనునది వీనిలో ప్రసిద్ధము. సుమారు 2,000 మందికొకరికి ఉండును. గుండె ఆకారము చక్కగనే యుండును. ప్రతి స్పందన తరువాత అది మరల సిద్ధమగుటకు పట్టు కాలము మాత్రము దీర్ఘమగును. పరుగు, ఈత, ఉలికిపాటు, అకస్మాత్తుగా మ్రోగిన గంట, కొందఱికి నిద్ర, దానికి ప్రమాదఘడియలు. 1856లో జర్మనీలోని లైప్జిగ్ నగరమున పుట్టుచెవిటి బాలిక యొకతెను బడిలో పదుగురి యెదుట మందలింపగా, ఆమె నిలిచినచోటనే పడి మరణించెను. తల్లిదండ్రులకు వార్త తెలిపినప్పుడు వారు ఆశ్చర్యపడలేదట. ఆమె తోబుట్టువులలో ఇద్దఱు అంతకుముందే అట్లే పోయిరి. నూఱేండ్లకు పిమ్మట, 1957లో, నార్వే వైద్యులు జెర్వెల్, లాంగే-నీల్సెన్ అనువారు ఒక కుటుంబమున పుట్టుచెవిటి బిడ్డలలో ముగ్గురు ఆకస్మికముగా మరణించుటను గమనించి, చెవుడునకును గుండె విద్యుత్తునకును గల సంబంధమును బయలుపఱచిరి. లైప్జిగ్ తల్లిదండ్రులకు తెలిసిన సంగతికి శాస్త్రమున పేరు దొరకుటకు నూఱేండ్లు పట్టెను.

మూడవది రక్తములోని క్రొవ్వునకు సంబంధించినది. కొన్ని కుటుంబములలో చెడు కొలెస్టరాల్ పుట్టుకతోడనే మితిమీఱియుండును. సుమారు 250 మందికొకరికి ఈ లోపముండును. అన్నపానములలో ఎంత నియమము పాటించినను అది తగినంత తగ్గదు. మడమవెనుక నరముమీదను, వ్రేళ్ల కణుపులమీదను గడ్డలు, కనుఱెప్పలమీద పసుపుపచ్చని మచ్చలు, నలుబదియైదేండ్ల లోపుననే నల్లగ్రుడ్డు చుట్టును తెల్లని వలయము దీని గుర్తులు. వైద్యము లేనియెడల ఇట్టి పురుషులలో సగముమందికి ఏబదియేండ్ల లోపుననే గుండె నాళముల వ్యాధి వచ్చును.

ఇవి యెక్కడనో శీతలదేశముల వారి వ్యాధులని తలపవలదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుడు కుమారస్వామి తంగరాజ్, ఆయన సహచరులు 2009లో ప్రకటించిన పరిశోధన మన యింటి గుమ్మమును తట్టుచున్నది. గుండె కండరమునకు వలసిన యొక మాంసకృత్తును తయారుచేయు జన్యువులో, దాని పేరు ఎం.వై.బి.పి.సి.3, ఇరువదియైదు అక్షరములు లోపించియుండుట భారత ఉపఖండవాసులలో సుమారు నూటికి నలుగురిలో కానవచ్చెను. ఈ లోపము సుమారు 33,000 సంవత్సరముల క్రిందట పుట్టినదని వారి అంచనా. గుండె బలహీనపడు వ్యాధుల అపాయము ఇది గలవారికి సుమారు 7 రెట్లు హెచ్చని వారు లెక్కించిరి. ఈ సగటునుబట్టి 5,000 జనాభాగల గ్రామమున 200 మంది ఈ లోపముతో తిరుగుచుందురు. భయపడవలసిన పనిలేదు, వీరిలో పెక్కుమంది ఏ బాధయు లేక ముసలితనము చూచెదరు. ఇదే జన్యువులో మఱియొక లోపము తోడైనప్పుడు ముప్పు హెచ్చునని తరువాతి పరిశోధనలు చెప్పుచున్నవి. ఎవరికి ముప్పు, ఎవరికి కాదు అని తేల్చునది పరీక్షయే.

ఇక మేనరికముల సంగతి. జాతీయ కుటుంబారోగ్య సర్వేలనుబట్టి దగ్గఱ బంధువులలో వివాహములు ఎక్కువగా జరుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇంచుమించు నాలుగింట నొకటి అట్టిది. పొలము చీలకుండుటకును, ఆడపిల్ల కన్నులయెదుట నుండుటకును మన పెద్దలు ఈ యాచారమును నిలుపుకొనిరి. వారి యుద్దేశమును మనము తక్కువచేయరాదు. అయితే మేనమామకును మేనకోడలికిని జన్యువులలో నాలుగవవంతు, మేనత్త మేనమామల బిడ్డలకు ఎనిమిదవవంతు సగటున ఉమ్మడి. ఒకే తాతనుండి వచ్చిన లోపము తల్లిలోను తండ్రిలోను గుప్తముగా నున్నచో, బిడ్డకు అది రెండువైపులనుండి వచ్చుటకు నాలుగింట నొకపాలు అవకాశము. పైన చెప్పిన చెవుడుతో కూడిన వ్యాధి ఈ విధముగ వచ్చునదే. కొలెస్టరాల్ లోపము రెండువైపులనుండియు వచ్చినచో బాల్యముననే గుండెపోటు రావచ్చును. పొలముగట్టులతో పాటు లోపమును ఇంటిలోనే నిలుచుచున్నది. కావున మేనరికపు సంతానమున పుట్టుచెవిటి బిడ్డ యున్నచో, లేక పిల్లలకు స్పృహ తప్పు అలవాటున్నచో, గుండె పరీక్ష చేయింపక యుండరాదు.

ఉప్పెనకు ముందు ఆకాశము కొన్ని గుర్తులు చూపునట్లు, ఈ మరణమునకు ముందును తఱచు గుర్తులుండును. పరుగెత్తుచుండగా గాని, ఆటలో గాని, భయపడినప్పుడు గాని మూర్ఛిల్లుట, కారణములేని గుండెదడ, శ్రమపడినప్పుడు ఛాతీనొప్పి, వయసునకు తగని ఆయాసము. ఎండలో నిలువబడి కన్నులు తిరిగి కూలబడుట వేఱు, పరుగు మధ్యలో కూలబడుట వేఱు; రెండవది సామాన్యముగ తీసికొనవలసినది కాదు. లాంగ్ క్యూ.టి. గల పిల్లలకు మూర్ఛరోగమని పేరుపెట్టి ఏండ్ల తరబడి దానికి మందులిచ్చిన సందర్భములు వైద్యగ్రంథములలో కలవు. మన పల్లెలలో అట్టివారికి గాలి సోకినదని తాయెత్తు కట్టుటయు కలదు. డెల్టావాసులు ప్రత్యేకముగ గమనింపవలసినది మఱొకటి యున్నది. కాలువలనడుమ పెరిగి, చేపవలె ఈదు పిల్లవాడు లోతులేని నీట మునిగిపోయినచో, అది ప్రమాదమని మాత్రమే తలచి ఊరకుండరాదు. ఈత ఈ వ్యాధిలో ఒకరకమునకు పేరుమోసిన ప్రేరణ. మునిగినవాని తోబుట్టువులకు గుండె పరీక్ష చేయింపవలయును.

అన్నిటికంటె పెద్దగుర్తు కుటుంబచరిత్ర. ఇంటిలో ఏబదియేండ్ల లోపున ఎవరైన ఆకస్మికముగా పోయినచో, ఆ మరణము తక్కినవారికి ప్రకృతి పంపిన టపా. పోయినవాని తల్లిదండ్రులు, తోబుట్టువులు, బిడ్డలు మొదట పరీక్షింపబడవలయును. వారిలో ఒకరికి లోపము తేలినచో, వారి దగ్గఱవారు తరువాత రావలయును. ఇట్లు మెట్టుమెట్టుగా పోయినచో ఊరంతటిని పరీక్షింపనక్కరలేకయే అపాయమున్నవారు బయటపడుదురు. ఆకస్మికముగా పోయిన యువకునికి శవపరీక్ష చేయించుట మనకు కష్టముగ నుండును. ఆ దుఃఖమును ఎవరును కాదనరు. కాని ఆ పరీక్షలో తేలు ఒక్కమాట తమ్ముని ప్రాణమును కాపాడవచ్చునని బంధువులు తలపోయవలయును.

పరీక్షలు కష్టమైనవియు కావు. డాక్టరు పట్టాభి సీతారామయ్యగారు బందరున వైద్యవృత్తిలో నున్న దినములలో, హాలండు దేశీయుడు ఐంథోవెన్ నిర్మించిన గుండె విద్యుల్లేఖన యంత్రము గదినిండ స్థలమాక్రమించునది. దానికే ఆయనకు 1924లో నోబెల్ బహుమానము వచ్చెను. నేడు ఆ యంత్రము చేతిసంచిలో ఇముడును. ఇ.సి.జి. తీయుటకు పట్టునది కొద్ది నిమిషములు, అయ్యెడి ఖర్చు కొద్ది వందల రూపాయలు. గుండెగోడ దళసరిని ఎకో పరీక్ష చూపును. కొలెస్టరాలునకు ఒక సూదిమందుబుడ్డెడు రక్తము చాలును. ఈ మూడింటితో చాలవఱకు దారి తెలియును. అనుమానము నిలిచినచో హృద్రోగ నిపుణుడు జన్యుపరీక్ష వఱకు తీసికొనిపోవును. అయితే ఒక్కమాఱు బాగున్నదనగానే నిశ్చింతగా నుండరాదు. దళసరి గుండె తఱచు యౌవనారంభమున బయటపడును. కావున అట్టి కుటుంబముల పిల్లలకు ఏడాదికో రెండేండ్లకో, పెద్దలకు మూడు నుండి అయిదేండ్లకో పరీక్ష మరల జరుగవలయును. 2023లో మచిలీపట్నమున ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. గుడివాడ, అవనిగడ్డలలో ప్రభుత్వాసుపత్రులు కలవు. అడుగువారు లేకపోవుటయే మన లోటు.

తెలిసికొని చేయవలసినదేమని కొందఱడుగవచ్చును. చేయదగినది చాల కలదు. గుండె వేగమును అదుపుచేయు బీటా బ్లాకర్ మాత్రలు లాంగ్ క్యూ.టి. గలవారిలో పెక్కుమందిని కాపాడుచున్నవి. స్టాటిన్ మందులు పుట్టుకొలెస్టరాలును లొంగదీయును. లాంగ్ క్యూ.టి. గలవారికి కొన్ని సామాన్యపు మందులే విషతుల్యములు, ఎరిత్రోమైసిన్ అట్టిది. తమ వ్యాధి పేరు తెలిసినవాడు ఊరి ఆర్.ఎం.పి. వైద్యునికి ముందే చెప్పి తప్పించుకొనగలడు. అపాయము మిక్కుటముగ నున్నవారికి చర్మము క్రింద అమర్చు చిన్న యంత్రమొకటి కలదు. గుండె లయ తప్పినపుడు అది తానై విద్యుత్తు నిచ్చి దారికి తెచ్చును. మిరోవ్‌స్కీ యను వైద్యుడు కల్పించిన ఆ యంత్రమును 1980లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో మొట్టమొదట ఒక రోగికి అమర్చిరి. వ్యాధి తెలిసి, జాగ్రత్తతో నున్నవారిలో పెక్కుమంది నిండు జీవితము గడపుచున్నారు.

ఇది ఒంటి కుటుంబము చేసికొను పని మాత్రమే కాదు; ప్రభుత్వముల పాలును కలదు. ఇటలీ దేశము 1982 నుండి పోటీలలో పాల్గొను క్రీడాకారులందఱికి ఇ.సి.జి.తో కూడిన పరీక్షను నిర్బంధము చేసినది. ఆ దేశపు వెనెటో ప్రాంతమున యువక్రీడాకారుల ఆకస్మిక మరణములు తరువాతి రెండు దశాబ్దములలో నూటికి 89 వంతులు తగ్గెనని 2006లో ప్రకటితమైనది. మన సంగతి చూడుడు. 2025 జనవరిలో మచిలీపట్నమున కానిస్టేబుళ్ల యెంపికకు 1600 మీటర్లు పరుగెత్తిన యువకుడొకడు కుప్పగూలి మరణించినట్లు పత్రికలు ప్రకటించెను. ఆ యువకుని గుండెలో ఏమున్నదో నిర్ణయింప మనము పూనుకొనరాదు. కాని ఉద్యోగముకొఱకు పల్లెలనుండి వచ్చి ప్రాణములొడ్డి పరుగెత్తు మన బిడ్డలకు, ఆ పరుగునకు ముందు ఒక ఇ.సి.జి. తీయుట నియమముగ నుండవలయుననుట అన్యాయమైన కోరికయా? కళాశాలల క్రీడాజట్లకును, సంక్రాంతి కబడ్డీ పందెములు నడుపు గ్రామసంఘములకును ఇదే చెప్పుచున్నాము.

ఇంత చేసినను ఒకడు మన కన్నులయెదుట పడిపోవచ్చును. అప్పుడు నీళ్లు చల్లుట, ఉల్లిపాయ వాసన చూపుట, ఇనుపముక్క చేతబెట్టుట వలన గడియలు వ్యర్థమగును. పిలిచిన పలుకక, ఊపిరి సరిగా ఆడకున్నచో, ఒకరు 108కి కబురు చేయవలయును. మఱొకరు వాని ఱొమ్ము నడుమ రెండు అరచేతులు ఒకదానిమీద నొకటి యుంచి, రెండంగుళముల లోతు దిగునట్లు, నిమిషమునకు 100 నుండి 120 మాఱులు గట్టిగా నొక్కుచుండవలయును. ఎవరును సాయము చేయక, విద్యుత్‌చికిత్స అందక గడచు ప్రతి నిమిషమునకు బ్రదుకు ఆశ నూటికి 7 నుండి 10 వంతులు తఱుగును. ఎదురుమొండి వంటి లంకలో పడవ దాటి వైద్యుడు వచ్చులోపల ఏమి మిగులునో పాఠకులే లెక్కింపుడు. కావున పంచాయతీ కార్యాలయమునను, బడిలోను, బస్సుస్టాండునందును ఈ విద్య తెలిసిన నలుగురైన ఉండవలయును. దీనిని నేర్చుటకు ఒక మధ్యాహ్నము చాలును.

ఇక కటువైన మాట యొకటి మిగిలియున్నది. మన కుటుంబములలో ఈ మరణములు తెలియక కాదు, చాలవఱకు దాపఱికమువలన మఱుగుపడుచున్నవి. "గుండెజబ్బు వంశమని తెలిసినచో పిల్లకు సంబంధము వచ్చునా?" అను భయము పెద్దింటివారి నోటిని కట్టివేయుచున్నది. జాతకమును చూపుదుము, గోత్రమును చెప్పుదుము, ఎకరముల లెక్క చెప్పుదుము. తాత ఏ వయసున ఎట్లు పోయినాడో చెప్పము. దాచినందువలన లోపము పోదు. అత్తవారింట, ఎవరికిని తెలియనిచోట, ప్రసవవేదనలోనో, మనుమని పరుగుపందెములోనో అది బయటపడును. ముందు చెప్పి, పరీక్ష చేయించి, మందు పుచ్చుకొనుచున్న వరుడు, ఏమియు తెలియని వరునికంటె ఎన్నియో విధముల క్షేమమైనవాడు. ఈ మాటను ఆడపిల్ల తండ్రులు మొదట గ్రహింపవలయును.

మనలో ఒక మంచి యాచారము కలదు. తద్దినమునాడు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు తప్పక చెప్పుదుము. పెద్దల అమావాస్యనాడు బియ్యమిచ్చు వారును, సమాధుల పండుగనాడు దీపము పెట్టు వారును తమ పెద్దలను అట్లే తలంతురు. అన్నదమ్ములు, ఆడపడుచులు ఒకచోట చేరు దినమది. ఈ యేడు ఆ దినమున భోజనములైన పిమ్మట ఒక కాగితము తీసికొని, మూడు తరముల వారి పేర్లు, ఒక్కొక్కరు పోయిన వయసు, పోయిన తీరు వ్రాసికొనుడు. అరుగుమీది ముదుసలిని పిలిచి ఆమెకు తెలిసినదెల్ల చెప్పింపుడు. ఆ కాగితమున ఏబదియేండ్ల లోపున కారణము తెలియక పోయిన పేరొక్కటి యున్నను, దానిని జేబులో పెట్టుకొని, పిల్లలను వెంటబెట్టుకొని, మఱునాడే ఆసుపత్రికి పొండు.